అంటువ్యాధులకు లెక్క కట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కేసులు పెరిగినప్పుడల్లా గ్రాఫులు, అంచనాలు, ఆర్-నాట్ లాంటి మాటలు వార్తల్లో కనిపిస్తాయి. కేసులు తగ్గగానే అందరూ మర్చిపోతారు. నిజానికి ఈ లెక్కలు నేర్చుకోవడానికి మంచి సమయం కేసులు లేనప్పుడే, టెన్షన్ లేనప్పుడే. నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

అంటువ్యాధి మోడల్ అంటే ఏమిటి?

జబ్బు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో లెక్కల్లో రాసుకోవడం. ఎంతమందికి సోకే అవకాశం ఉంది, ఇప్పటికే ఎంతమందికి సోకింది, ఒక రోగి రోజుకు ఎంతమందికి అంటిస్తాడు, ఎన్ని రోజులు అంటిస్తాడు. ఈ నాలుగూ తెలిస్తే రేపటి కేసులు లెక్క కట్టొచ్చు. రేపటి లెక్క నుంచి ఎల్లుండి లెక్క వస్తుంది.

ఇంత కష్టపడటం ఎందుకంటే, నిజమైన జనం మీద ప్రయోగాలు చేయలేం. ఒక నగరానికి టీకా వేసి, పక్క నగరాన్ని ఊరికే వదిలేసి, ఎంతమంది చనిపోతారో చూద్దాం అనలేం కదా. ఆ ప్రయోగాన్ని కాగితం మీద చేస్తాం.

అయితే ఇది జోస్యం లాంటిదేనా?

కాదు. ఎక్కువ అపార్థాలు వచ్చేది ఇక్కడే. మోడల్ చెప్పేది "ఇలా జరుగుతుంది" అని కాదు, "ఇలా ఉంటే, ఇలా చేస్తే, ఇలా జరుగుతుంది" అని. ముందున్న ఆ రెండు షరతులూ వార్తల్లోకి వచ్చేసరికి రాలిపోతాయి. చివరి అంకె ఒక్కటే హెడ్‌లైన్‌లో మిగులుతుంది.

వాన పడుతుందని చెప్పినంత మాత్రాన మబ్బులు మనసు మార్చుకోవు. జబ్బు అలా కాదు. లక్షల్లో కేసులు వస్తాయని చెబితే జనం జాగ్రత్తపడతారు, ప్రభుత్వాలు కదులుతాయి, దాంతో లెక్కే మారిపోతుంది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా వేసింది. అప్పటి పరిస్థితే కొనసాగితే 2015 జనవరి చివరికల్లా లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో, నమోదు కానివి కూడా కలుపుకుంటే, 14 లక్షల కేసులు రావచ్చని చెప్పింది. చివరికి ఆ మహమ్మారి మొత్తంలో నమోదైనవి సుమారు 28,600. లెక్క ఘోరంగా తప్పిందని చాలామంది అన్నారు. కానీ అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. రోగుల్లో 70 శాతం మందిని చికిత్స కేంద్రాల్లోగానీ, వ్యాధి ఇతరులకు అంటని ఏర్పాట్లలోగానీ ఉంచగలిగితే మహమ్మారి ఆగుతుందని. ఆ నివేదిక అసలు పని ఆ రెండో మాట చెప్పడం.

ఈ లెక్కలు ఎవరు మొదలుపెట్టారు?

1760లో డేనియల్ బెర్నౌలీ అనే స్విస్ గణిత శాస్త్రవేత్త మశూచి మీద మొదటి పెద్ద లెక్క చేశాడు. అప్పటికి ఇప్పటిలాంటి టీకా లేదు. మశూచి పొక్కుల్లోని రసిని కొద్దిగా తీసి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎక్కించేవారు. చాలామందికి జబ్బు తేలిగ్గా వచ్చి పోయేది, కొందరు మాత్రం ఆ ప్రక్రియ వల్లే చనిపోయేవారు. మరి ఇది అందరికీ చేయడం మంచిదా కాదా? చేస్తే సగటు ఆయుర్దాయం సుమారు మూడేళ్లు పెరుగుతుందని బెర్నౌలీ తేల్చాడు.

తర్వాత చెప్పాల్సిన పేరు రొనాల్డ్ రాస్. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టినవాడిగా అందరికీ తెలుసు. ఆయన ఆ తర్వాత చేసిన లెక్కల సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దోమల్ని చంపితే మలేరియా పోతుందని ఆయన అంటే, దోమలన్నిటినీ ఎవరు చంపగలరని ఎదురు ప్రశ్న వచ్చింది. అన్నిటినీ చంపక్కర్లేదని రాస్ గణితంతో చూపించాడు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే కిందికి దిగితే చాలు, దోమలు మిగిలే ఉన్నా మలేరియా తనంతట తానే అంతరించిపోతుంది. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ఇంతకంటే గొప్ప ఆలోచన లేదు. మనం తర్వాత చూడబోయే హెర్డ్ ఇమ్యూనిటీ (చాలినంతమందికి రక్షణ ఉంటే మిగతావాళ్లలోనూ జబ్బు పాకలేకపోవడం) కూడా ఇదే ఆలోచనకు ఇంకో రూపం.

1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు ఈ రంగానికి పునాది లాంటి పత్రం రాశారు. మెక్‌కెండ్రిక్ భారతదేశంలో వైద్య సేవలో పనిచేసిన డాక్టరు. కెర్మాక్ రసాయన శాస్త్రవేత్త. 1924లో ప్రయోగశాల ప్రమాదంలో ఆయన చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత మూడేళ్లకు వచ్చిన పత్రం ఇది.

ఎస్ఐఆర్ మోడల్ గురించి వింటుంటాం. అది కొంచెం చేసి చూపించగలరా?

తప్పకుండా. ఇది కళ్లతో చదివితే ఎక్కదు, చేత్తో వేయాలి.

జనాన్ని మూడు గదుల్లో పెడతాం. ఇంకా సోకనివాళ్లు (ఎస్), ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్లు (ఐ), కోలుకున్నవాళ్లు (ఆర్). మొత్తం 10,000 మంది ఉన్నారనుకుందాం. వాళ్లలో 100 మందికి సోకింది, 9,900 మందికి సోకలేదు. ఒక్కో రోగి రోజుకు సగటున 0.4 మందికి అంటించగలడు. రోజూ రోగుల్లో ఐదో వంతు మంది కోలుకుంటారు, అంటే జబ్బు సగటున ఐదు రోజులు ఉంటుంది.

మొదటి రోజు కొత్త కేసులు: 0.4 × 100 × 0.99. దాదాపు 40. ఆ చివరి 0.99 ఎందుకంటే, రోగి కలిసే ప్రతి వంద మందిలో 99 మందికే సోకే అవకాశం ఉంది. అదే రోజు 20 మంది కోలుకున్నారు. కాబట్టి రోగులు 120, సోకనివాళ్లు 9,860.

రెండో రోజు: 0.4 × 120 × 0.986. 47 కొత్త కేసులు. 24 మంది కోలుకున్నారు. రోగులు 143.

మూడో రోజు 56 కొత్త కేసులు, 29 మంది కోలుకున్నారు, రోగులు 170.

ఇలా వేసుకుంటూ పోతే రోగుల సంఖ్య చాలా వేగంగా పెరుగుతుంది. కానీ సోకనివాళ్లు 5,000కు తగ్గిన రోజు ఏమవుతుందో చూడండి. కొత్త కేసులు, రోగుల సంఖ్యకు 0.4 × 0.5, అంటే 0.2 రెట్లు. కోలుకునేవాళ్లు కూడా సరిగ్గా 0.2 రెట్లే. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ సమానం. అదే శిఖరం, అక్కడి నుంచి రోగులు తగ్గుతారు. ఎవరూ మందు కనిపెట్టలేదు, వైరస్ బలహీనపడలేదు. అంటించడానికి మనుషులు తక్కువయ్యారు, అంతే. మహమ్మారులు అందరికీ సోకకుండానే ఎందుకు ఆగిపోతాయన్న పాత ప్రశ్నకు కెర్మాక్, మెక్‌కెండ్రిక్ ఇచ్చిన జవాబు ఇదే. నేను మొదటిసారి ఈ లెక్క చేత్తో వేసుకుని ఆ 0.2 దగ్గరికి చేరినప్పుడు కాసేపు పెన్ను పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

గ్రాఫ్ సరిగ్గా అతికితే మోడల్ నిజమైనట్టేనా?

కాదు. దీనికి ఉదాహరణ ఆ 1927 పత్రంలోనే ఉంది. వాళ్లు తమ సూత్రాన్ని 1905-06లో బొంబాయిలో వచ్చిన ప్లేగు మరణాలతో పోల్చి చూశారు. గీత చక్కగా అతికింది. కానీ బొంబాయి ప్లేగు ముఖ్యంగా మనిషి నుంచి మనిషికి పాకింది కాదు. ఎలుకల్లో వచ్చి, వాటి మీది రక్తం పీల్చే చిన్న పురుగుల ద్వారా మనుషులకు చేరింది. మనుషుల్లో ప్లేగు ఎలుకల్లోని ప్లేగుకు ప్రతిబింబమేనని ఆ రచయితలు కూడా ఒప్పుకున్నారు. పైకి లేచి కిందికి దిగే గంట ఆకారపు గీత చాలా రకాల కారణాల వల్ల రాగలదు. గీత కలిసినంత మాత్రాన కారణం కలిసినట్టు కాదు.

ఆర్-నాట్ అంటే?

ఎవరికీ రోగనిరోధక శక్తి లేని జనంలోకి ఒక్క రోగి వస్తే, అతని నుంచి సగటున ఎంతమందికి సోకుతుందో ఆ సంఖ్య. మన లెక్కలో రోజుకు 0.4 చొప్పున ఐదు రోజులు, అంటే 2. తట్టుకు సాధారణంగా 12 నుంచి 18 అని చెబుతారు. 2020 మొదట్లో వచ్చిన కోవిడ్ రకానికి సుమారు 2 నుంచి 3. ఎబోలాకు 2 అటూ ఇటూ.

1 అనేది సరిహద్దు. అది దాటితే పెరుగుతుంది, తగ్గితే ఆరిపోతుంది. చిన్న తేడా ఎంత దూరం పోతుందో చూడండి. ఒక్క కేసుతో మొదలుపెట్టి పది తరాలు పాకనిస్తే, 2 ఉన్నచోట పదో తరంలో 1,024 కేసులు. 1.5 ఉంటే 58 లోపే. 1.1 ఉంటే ముగ్గురు కూడా ఉండరు. అందుకే పూర్తిగా ఆపలేకపోయినా, కొద్దిగా తగ్గించిన ప్రతిసారీ ప్రాణాలు నిలబడతాయి.

ఆర్-నాట్ ఎక్కువుంటే జబ్బు వేగంగా పాకుతుందా?

అలా ఏమీ లేదు. అది ఎంతమందికి అన్నది చెబుతుంది, ఎన్ని రోజుల్లో అన్నది చెప్పదు. ఒకరికి సోకాక వాళ్ల నుంచి తర్వాతివాళ్లకు సోకడానికి ఫ్లూలో సుమారు మూడు రోజులు పడుతుంది, ఎబోలాలో దాదాపు రెండు వారాలు. రెండిటికీ ఆర్-నాట్ దగ్గర దగ్గరగా ఉన్నా ఫ్లూ మనల్ని ఊపిరి తీసుకోనివ్వదు.

ఇంకో సంగతి. ఆర్-నాట్ వైరస్ ఒంటి మీద పచ్చబొట్టు కాదు. జనం ఎంత దగ్గరగా బతుకుతారు, రోజుకు ఎంతమందిని కలుస్తారు అనేవి కూడా అందులోనే ఉన్నాయి. అదే వైరస్‌కు రెండు చోట్ల రెండు విలువలు ఉండొచ్చు.

హెర్డ్ ఇమ్యూనిటీకి ఎంత శాతం మందికి రక్షణ ఉండాలి?

1 లోంచి, ఆర్-నాట్‌తో భాగించిన 1ని తీసేయండి. ఆర్-నాట్ 2 అయితే సగం మంది. తట్టుకు 15 అనుకుంటే 93 శాతం పైనే. రెండు డోసులు వేసుకున్నా టీకా వందకు వంద మందిలో పనిచేయదు కాబట్టి తట్టు టీకా 95 శాతం మందికి అందాలంటారు. ఆ అంకె ఎవరో ఊరికే పెట్టుకున్న లక్ష్యం కాదు, ఈ భాగహారంలోంచి వచ్చింది.

అయితే జబ్బును దాని మానాన వదిలేస్తే ఆ శాతం దగ్గర ఆగిపోతుందిగా?

ఆగదు. చాలామంది తెలివైనవాళ్లు కూడా ఇక్కడ పొరపడ్డారు. పైన మన లెక్కలో సోకనివాళ్లు 5,000కు చేరిన రోజు శిఖరం. ఆ రోజు పదిహేనువందల మందికి పైగా రోగులు ఊళ్లో తిరుగుతున్నారు. ఒక్కొక్కరు ఒకరి కంటే తక్కువమందికే అంటించినా, అంతమంది కలిసి ఇంకా చాలామందికి అంటిస్తారు. బ్రేకు వేసిన బండి కొంత దూరం జారి ఆగినట్టు. చివరికి లెక్క 50 శాతం దగ్గర కాదు, దాదాపు 80 శాతం దగ్గర ఆగుతుంది. పదివేల మందిలో ఆ తేడా మూడువేల మంది మనుషులు. అదే టీకాతో 50 శాతం దాటితే ఈ అదనపు నష్టం ఉండదు.

టీకా కొద్దిమందికి వేసినా ఎంతో కొంత మేలేగా?

చాలా జబ్బుల్లో అవును. రుబెల్లాలో మాత్రం కాకపోవచ్చు. ఈ రంగం గురించి ఎవరైనా ఒక్క ఉదాహరణ చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

రుబెల్లా పిల్లలకు వస్తే చిన్న జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. గర్భిణికి తొలి మూడు నెలల్లో సోకితే మాత్రం కడుపులో బిడ్డకు వినికిడి, చూపు, గుండె దెబ్బతినొచ్చు. టీకా లేని రోజుల్లో దాదాపు అందరికీ చిన్నతనంలోనే వచ్చి పోయేది, జీవితాంతం రక్షణ మిగిలేది.

ఇప్పుడు పిల్లల్లో సగం మందికే టీకా వేశామనుకోండి. వైరస్ తిరగడం తగ్గుతుంది కానీ పోదు. టీకా పడని పాప ఐదేళ్ల వయసులో దాన్ని ఎదుర్కోదు. పదేళ్లకూ ఎదుర్కోదు. ఇరవై రెండేళ్లకు, పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఎదుర్కోవచ్చు. మొత్తం కేసులు తగ్గుతాయి, కానీ మనం భయపడే కేసులు పెరుగుతాయి. గ్రీస్‌లో ఇలాగే జరిగింది. 1970ల మధ్య నుంచి అక్కడ పిల్లలకు టీకా వేస్తున్నా ఎక్కువమందికి అందలేదు. 1993లో వచ్చిన రుబెల్లా యువతను తాకింది, ఆ వెంటనే పుట్టుకతో లోపాలున్న బిడ్డలు పుట్టారు.

దీని అర్థం టీకా వద్దని కాదు. మొదలుపెడితే దాదాపు అందరికీ అందేలా చేయాలి, పెద్ద వయసు ఆడపిల్లల్ని కూడా కలుపుకోవాలి. ఈ మాట చెప్పింది మోడలే.

సగటు లెక్కల్లో దాగిపోయేది ఏమైనా ఉందా?

ఉంది, మనిషికీ మనిషికీ మధ్య తేడా. 2003లో సింగపూర్‌లో సార్స్ (కోవిడ్ వైరస్ కుటుంబానికే చెందిన వైరస్‌తో వచ్చే శ్వాస జబ్బు) వచ్చినప్పుడు సగానికి పైగా కేసులు కేవలం ఐదుగురితో ముడిపడ్డాయి. రోగుల్లో పదిమందికి ఎనిమిదిమంది ఎవరికీ అంటించలేదు. సగటు తీస్తే ఒక మామూలు అంకె వస్తుంది, కానీ ఆ సగటులాంటి మనిషి ఎక్కడా ఉండడు. ఇలాంటి జబ్బును ఆపాలంటే అందరినీ సమానంగా కట్టడి చేయడం కంటే, కిక్కిరిసిన, గాలి ఆడని చోట్ల మీద దృష్టి పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.

సార్స్‌ను ఆపగలిగాం, కోవిడ్‌ను ఎందుకు ఆపలేకపోయాం?

సార్స్‌లో రోగి ఎక్కువగా అంటించేది జబ్బు ముదిరాక. జ్వరం వచ్చినవాళ్లను వెంటనే వేరుగా ఉంచితే గొలుసు తెగుతుంది. సుమారు 8,000 కేసులతో అది ముగిసింది. కోవిడ్‌లో లక్షణాలు కనిపించక ముందే అంటించడం మొదలవుతుంది, కొందరికి లక్షణాలే రావు. మశూచి ఇంకా అనుకూలం. రోగి ముఖం చూస్తే తెలిసిపోతుంది, కాబట్టి ప్రతి రోగి చుట్టూ ఉన్నవాళ్లకు టీకా వేసి వలయం కట్టారు. 1980లో అది ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు.

దోమల జబ్బులకు కూడా ఇవే లెక్కలా?

కొంచెం మారుతాయి. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే మలేరియా నిపుణుడు, రాస్ లెక్కను ముందుకు తీసుకెళ్లాడు. మలేరియా పరాన్నజీవి దోమలో పెరిగి అంటించే దశకు రావడానికి సుమారు పది రోజులు కావాలి. రోజూ 90 శాతం దోమలు బతికితే, పది రోజుల తర్వాత 35 శాతం మిగులుతాయి. రోజూ 80 శాతమే బతికితే 11 శాతం కూడా మిగలవు. 70 శాతమైతే మూడు శాతం లోపే. దోమ ఆయుష్షును కొద్దిగా తగ్గిస్తే ప్రమాదకరమైన ముసలి దోమలు కుప్పకూలుతాయన్నమాట. ఇంటి గోడల మీద మందు కొట్టడం వెనక లెక్క ఇది. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టడానికి ఈ పని బలాన్నిచ్చింది. అయితే దోమలు డీడీటీ అనే ఆ పురుగుల మందుకు అలవాటుపడతాయన్న సంగతి ఆ సమీకరణంలో లేదు. లెక్క తప్పలేదు, లెక్కలో రాయనిది దెబ్బతీసింది.

రోజువారీ కేసుల సంఖ్యను నమ్మొచ్చా?

నమ్మండి, కానీ పక్కనే పరీక్షల సంఖ్య కూడా చూడండి. నిన్న వెయ్యి పరీక్షల్లో 100 కేసులు, ఇవాళ నాలుగువేల పరీక్షల్లో 200 కేసులు వస్తే, జబ్బు రెట్టింపయ్యిందనడం సరికాదు. పాజిటివ్ శాతం పది నుంచి ఐదుకు తగ్గింది. ఇవాళ కనిపించే కేసు వారం క్రితం సోకింది, ఇవాళ్టి మరణం రెండు మూడు వారాల కిందటి కథ. కనబడనివి ఎన్ని ఉంటాయో డైమండ్ ప్రిన్సెస్ ఓడ చూపించింది. 2020 ఫిబ్రవరిలో ఆ ఓడలో 3,711 మంది ఉంటే 712 మందికి కోవిడ్ తేలింది. వాళ్లలో దాదాపు సగం మందికి పరీక్ష చేసేనాటికి ఏ లక్షణమూ లేదు.

మోడల్ వల్ల చెడు జరిగిన సందర్భాలు లేవా?

తీవ్రంగా వాదన నడిచిన సందర్భాలు ఉన్నాయి. 2001లో బ్రిటన్ పశువుల్లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు, మోడళ్ల సలహాతో రోగం సోకిన ఫారాల పక్కనున్న ఫారాల్లోని పశువుల్ని కూడా చంపేశారు. మొత్తం మీద 60 లక్షలకు పైగా పశువులు పోయాయి. అంతమేర అవసరమా అని శాస్త్రవేత్తలే రెండుగా చీలిపోయారు. ఆరోగ్యంగా ఉన్న మందను చంపేయమని ఒక గ్రాఫ్ చెబుతున్నప్పుడు, ఆ గ్రాఫ్ వెనక ఏ ఊహలున్నాయో అడిగే హక్కు ఆ రైతుకు ఉంది. మోడల్ చేసినవాళ్లు తమ కోడ్‌ను, ఊహలను అందరి ముందూ పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

వార్తల్లో ఒక అంచనా చూస్తే ముందు ఏం అడగాలి?

ఇది ఏమీ చేయకపోతే వచ్చే అంకెనా, ఏదైనా చేస్తే వచ్చే అంకెనా? 2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం బ్రిటన్‌లో 5,10,000 మరణాలని రాసింది, ఎవరూ ఏమీ చేయకపోతే, జనం తమంతట తాము కూడా మారకపోతే అన్న షరతు మీద. తర్వాత, ఒకే అంకె ఇచ్చారా, ఇంత నుంచి ఇంతదాకా అని ఇచ్చారా? ఒకే అంకె ఇస్తే నేను పేజీ తిప్పేస్తాను.

నేను కూడా చేసి చూడొచ్చా? ఎంత గణితం కావాలి?

కూడిక, తీసివేత, గుణకారం. అవకలన సమీకరణాలు తర్వాత నేర్చుకోవచ్చు. ఎక్సెల్‌లో మూడు నిలువు వరుసలు తీసుకోండి, పైన వేసిన లెక్కను ఒక్కో రోజుకు ఒక్కో అడ్డ వరుసగా రాసి కిందికి లాగండి. వంద రోజులు నిమిషంలో వస్తాయి. ఇరవయ్యో రోజు నుంచి 0.4ను 0.3 చేసి శిఖరం ఎంత తగ్గిందో చూడండి. అదే మార్పు పదో రోజు నుంచే చేసి మళ్లీ చూడండి.

అది చేతికొచ్చాక సగటు తీసేసి, ప్రతి రోగికీ పాచిక వేసినట్టు యాదృచ్ఛిక సంఖ్యలు పెట్టండి. 100 మంది రోగుల బదులు ఒక్కరితో మొదలుపెట్టి ఇరవై సార్లు నడపండి. ఆర్-నాట్ 2 ఉన్నా దాదాపు సగం సార్లు జబ్బు ఇద్దరు ముగ్గురి దగ్గరే ఆగిపోతుంది. మిగతా సగం సార్లు ఊరంతా పాకుతుంది. రెండిట్లోనూ వైరస్ ఒకటే, జనం ఒకటే, అంకెలూ ఒకటే.